ఫ్రెంచి వాక్యం – తెలుగు విద్యార్థి

ఫ్రెంచి ముక్క రానివారికి కూడా వచ్చిన ఫ్రెంచి వాక్యం ఒకటుంది: 'ఝ తెమ్'. సినిమాల పుణ్యమా అని హాస్టలు గోడలకు కూడా అది పరిచయమే. అర్థం అందరికీ తెలుసు గాని దాని వరస మీద ఎవరి దృష్టీ పడదు. 'ఝ' అంటే నేను. 'త' అంటే నిన్ను. 'ఎమ్' అంటే ప్రేమిస్తున్నాను. అచ్చు ఎదురయ్యేసరికి 'త' లోని అచ్చు జారిపోయి 'తెమ్' అయింది. మన సంధి లాంటిదే, కొత్తేమీ కాదు. నేను, నిన్ను, ప్రేమిస్తున్నాను. అంటే కర్త, కర్మ, క్రియ. అచ్చంగా తెలుగు వరస!

మరి పాఠ్యపుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఫ్రెంచిలో కర్త, క్రియ, కర్మ అనే వరస ఉంటుందని కనిపిస్తుంది. పుస్తకం అబద్ధం చెప్పటం లేదు. హాస్టలు గోడా అబద్ధం చెప్పటం లేదు. రెండూ ఎలా నిజమయ్యాయో తెలుసుకుంటే ఫ్రెంచి వాక్యం సగం పట్టుబడినట్టే.

తెలుగు గడ్డకు ఫ్రెంచి కొత్త భాష కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు. అయినా మన కాలేజీల్లో ఫ్రెంచిని చాలామంది సెకండ్ లాంగ్వేజిగా తీసుకునేది మార్కుల కోసమే. మార్కులు వస్తాయి కూడా. రానిది వాక్యం. రెండేళ్ళు చదివి, నూటికి తొంభై తెచ్చుకుని, సొంతంగా నాలుగు వాక్యాలు కూర్చలేని పరిస్థితి. తెలివితక్కువతనం దీనికి కారణం కాదు. మనకు ఫ్రెంచి చెప్పేది ఇంగ్లీషు మీదుగా. తెలుగు నుంచి ఫ్రెంచికి వెళ్ళేవాడు మధ్యలో ఇంగ్లీషు స్టేషనులో దిగి బండి మారుతున్నాడు. చాలాచోట్ల ఆ మార్పు అక్కర్లేదనీ, కొన్నిచోట్ల అది తప్పుదారిలోకి తీసుకుపోతుందనీ చెప్పటమే ఈ వ్యాసం పని. (ఫ్రెంచి మాటల్ని తెలుగు లిపిలోనే వ్రాస్తున్నాను. ఉచ్చారణ ఉజ్జాయింపుగానే వస్తుంది. వాళ్ళ ముక్కు శబ్దాలకు మాత్రం మనం అటక మీద పడేసిన అరసున్న బ్రహ్మాండంగా పనికొస్తోంది.)

మొదట వరస సంగతి. 'రాముడు కృష్ణుణ్ణి చూశాడు', 'కృష్ణుణ్ణి రాముడు చూశాడు', 'చూశాడు రాముడు కృష్ణుణ్ణి'. ఎటు తిప్పినా చూసినవాడు రాముడే. 'ణ్ణి' అన్న ప్రత్యయం కృష్ణుడి మెడలో బిళ్ళలా వేలాడుతూ, అతను ఏ మూల కూర్చున్నా కర్మ అని చెబుతుంది. ఫ్రెంచిలో 'పియేర్ రగార్ద్ మారీ' అంటే పియేర్ మారీని చూస్తున్నాడు. తిప్పి 'మారీ రగార్ద్ పియేర్' అంటే చూసేది మారీ. పేర్లకు బిళ్ళలు లేవు. కూర్చున్న కుర్చీని బట్టే హోదా.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. ఫ్రెంచికి తల్లి అయిన లాటిన్‌లో మన లాగే బిళ్ళలుండేవి. ప్రాచీన ఫ్రెంచిలో కూడా రెండు విభక్తులు మిగిలాయి. రాజు కర్త అయితే 'లి రొయిస్', కర్మ అయితే 'ల రొయి'. 14వ శతాబ్దం నాటికి ఆ రెండో భేదమూ దాదాపు పోయింది. బిళ్ళలు ఊడిపోయినచోట కుర్చీలకు నంబర్లు వచ్చాయన్నమాట.

క్రియ చివర కూడా ఇదే కథ. 'మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు, మాట్లాడతారు' అన్నప్పుడు నేను, నువ్వు, వాడు, వాళ్ళు అని విడిగా చెప్పనక్కర్లేదు, క్రియే చెబుతుంది. ఫ్రెంచిలో ఈ నాలుగింటికీ కాగితం మీద తేడాలున్నా నోట్లో వచ్చేది ఒక్కటే: 'పార్ల్'. కాబట్టి 'ఝ పార్ల్', 'త్యు పార్ల్', 'ఇల్ పార్ల్' అని ముందు సర్వనామం తగిలించక తప్పదు. ఈ పట్టుదల ఎంతవరకు పోయిందంటే, కర్తే లేనిచోట కూడా ఒక డమ్మీ కర్తను నిలబెడతారు. మనం 'చలిగా ఉంది' అంటాం. ఏది చలిగా ఉంది? ఎవరూ అడగరు. ఫ్రెంచివాడు 'ఇల్ ఫే ఫ్ర్వా' అంటాడు. మాటకు మాటగా 'అతను చలి చేస్తున్నాడు' అని. ఆ అతనెవరో ఫ్రెంచివాడికీ తెలియదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే. అయితే క్రియ చివరలు అరిగిపోవటమే దీనికంతటికీ కారణమని తేల్చెయ్యకండి. చైనా భాషలో క్రియకు పురుష ప్రత్యయాలే లేవు, అయినా కర్తను హాయిగా వదిలేస్తారు. భాషాశాస్త్రంలో ఒక కారణం దొరికిందని సంబరపడేలోపు ఇలాంటి భాష ఒకటి అడ్డం వస్తుంది.

ఈ కుర్చీల వరసను చూసుకుని ఫ్రెంచివాళ్ళు ఒకప్పుడు బాగానే మురిసిపోయారు. 1784లో రివరోల్ అనే రచయిత బెర్లిన్ అకాడమీ బహుమతి పంచుకున్న తన వ్యాసంలో, కర్త, క్రియ, కర్మ అనేదే మానవ తర్కానికి సహజమైన వరస అనీ, దాన్ని నిలబెట్టుకున్న ఘనత ఫ్రెంచిదేననీ వాదించాడు. ఆయన లెక్కన కోట్లాదిమంది తెలుగువాళ్ళం, జపానువాళ్ళం, టర్కీవాళ్ళం తలకిందులుగా ఆలోచిస్తున్నామన్నమాట. పాపం, అంత పెద్దమనిషికీ 'ఝ తెమ్' గుర్తుకు రాలేదు.

ఇక వాక్యం లోపలికి వెళదాం. వాక్యం మాటల దండ అనుకుంటాం. ఒక పువ్వు పక్కన ఒక పువ్వు, దారం ఒక్కటే. అది కాదని తెలుసుకోవటానికి ఈ మాటలు చాలు: 'నిన్న వచ్చిన రాముడి తమ్ముడు'. నిన్న వచ్చింది ఎవరు? రాముడా, తమ్ముడా? రెండు అర్థాలూ వస్తాయి. మాటలు అవే, వరస అదే, అయినా అర్థాలు రెండు. అంటే మాటల మధ్య కంటికి కనబడని కట్లు ఉన్నాయి. 'నిన్న వచ్చిన రాముడి' అని ముందు ముడి వేస్తే ఒక అర్థం; 'రాముడి తమ్ముడు' అని ముందు ముడి వేసి, దానికి 'నిన్న వచ్చిన' తగిలిస్తే ఇంకొక అర్థం. 1957లో చామ్‌స్కీ పుస్తకం వచ్చినప్పటి నుంచి భాషాశాస్త్రజ్ఞులు గీస్తున్న చెట్టు బొమ్మలు ఈ ముడుల బొమ్మలే. బొమ్మ చూసి భయపడనక్కర్లేదు. ఉమ్మడి కుటుంబం వంశవృక్షం గీయగలిగినవాడెవడైనా గీయగలడు.

ఇప్పుడు దీన్నే ఫ్రెంచిలో చూడండి: 'ల ఫ్రేర్ ద పియేర్ కి ఎ వెన్యు ఇయేర్'. 'ల ఫ్రేర్' తమ్ముడు, 'ద పియేర్' పియేర్ యొక్క, 'కి ఎ వెన్యు' వచ్చిన, 'ఇయేర్' నిన్న. తమ్ముడు – పియేర్ యొక్క – వచ్చిన – నిన్న. మన వాక్యాన్ని అద్దంలో చూసినట్టుంది! అంతకంటె విశేషం, మన వాక్యంలో ఉన్న సందేహమే దీంట్లోనూ ఉంది. వచ్చింది పియేరా, తమ్ముడా? అద్దంలో బొమ్మ కుడి ఎడమలు మారాయి గాని ముడులు మారలేదు.

ఇది కాకతాళీయం కాదు. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషల్ని పక్కపక్కన పెట్టి, పదక్రమాన్ని గురించి 45 సూత్రాలు తీశాడు. ద్రావిడ భాషల తరఫున అందులో కన్నడం ఉంది. క్రియ వాక్యం చివర ఉండే భాషల్లో విభక్తులు నామం తరవాత వచ్చే ధోరణి బలంగా ఉంటుందని ఆయన చూపించాడు. 'హైదరాబాదులో' అని మనం వెనక పెడతాం. 'ఆ హైదరాబాద్' అని ఫ్రెంచివాడు ముందు పెడతాడు. ఏ ముడిలోనైనా ప్రధానమైన మాట ఒకటుంటుంది. తెలుగు దాన్ని చివర కూర్చోబెడుతుంది, ఫ్రెంచి మొదట కూర్చోబెడుతుంది. దీన్నిబట్టి విద్యార్థికి దొరికే ఉపాయం ఏమిటంటే, పొడుగాటి ఫ్రెంచి వాక్యం ఎదురైనప్పుడు భయపడకుండా నామపదబంధాన్ని తోక నుంచి చదువుకుంటూ రండి. తెలుగు దానంతటదే వస్తుంది. పరీక్ష హాల్లో అనువాదం ప్రశ్నకు ఇంతకు మించిన మందు లేదు.

అద్దం అక్కడక్కడ మసకబారిన మాట నిజమే. విశేషణాలు చాలావరకు నామం తరవాత వస్తాయి, కొన్ని ముందు వస్తాయి, కొన్ని అటూ ఇటూ తిరుగుతూ అర్థం మార్చుకుంటాయి. 'ఆఁ నొమ్ పోవ్ర్' అంటే డబ్బులేని మనిషి. 'ఆఁ పోవ్ర్ ఒమ్' అంటే, డబ్బున్నా సరే, 'పాపం' అనిపించే మనిషి. ఇవి పుస్తకంలో ఒక జాబితా ఉంటుంది, కంఠస్థం చెయ్యటమే.

అద్దం పూర్తిగా పగిలేది సర్వనామాల దగ్గర. 'పియేర్ రగార్ద్ మారీ' లో మారీ క్రియ తరవాత ఉంది. మారీ బదులు 'ఆమెను' అనాలంటే 'పియేర్ లా రగార్ద్'. పియేర్ ఆమెను చూస్తున్నాడు. తెలుగు వరస వచ్చేసింది. 'ఇల్ మ ల దొన్' అంటే 'అతను నాకు దాన్ని ఇస్తాడు'. మాటకు మాట సరిపోతుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చిన విద్యార్థి ఇక్కడ తప్పకుండా తడబడతాడు, ఎందుకంటే 'గివ్స్ ఇట్ టు మీ' అన్న వరస బుర్రలో గిరగిర తిరుగుతుంటుంది. తెలుగు నుంచి నేరుగా వచ్చేవాడికి అడ్డేమీ లేదు. ఒక్క జాగ్రత్త: 'దాన్ని ఆమెకు' అనాల్సివచ్చినప్పుడు 'ఇల్ ల ల్వీ దొన్' అని, 'దాన్ని' ముందుకొస్తుంది. ఆజ్ఞాపించేటప్పుడు మొత్తం తిరగబడి 'దొన్-ల-మ్వా' అవుతుంది.

ఎందుకిలా? 1975లో రిచర్డ్ కేన్ ఫ్రెంచి వాక్యనిర్మాణం మీద వ్రాసిన పుస్తకంలో దీనికి మంచి చర్చ ఉంది. 'మ', 'త', 'ల', 'లా' అనేవి స్వతంత్రంగా నిలబడే మాటలు కావు. 'ఎవర్ని చూశావు?' అని అడిగితే 'లా' అని ఒంటరిగా జవాబు చెప్పటానికి వీల్లేదు, 'ఎల్' అనాలి. రెంటిని 'మరియు'తో కలపటానికి వీల్లేదు. నొక్కి పలకటానికి వీల్లేదు. చంటిపిల్లల్లా ఎప్పుడూ క్రియ చంకనెక్కే ఉంటాయి. కుర్చీల నియమం కుర్చీలో కూర్చునేవాళ్ళకు గాని చంకనెక్కేవాళ్ళకు వర్తించదు. పుస్తకమూ నిజమే, హాస్టలు గోడా నిజమే అన్నది ఇందుకు.

ఇక మూడో సంగతి, నా దృష్టిలో అన్నింటికంటె మన విద్యార్థికి లాభసాటి అయింది. లూసియాఁ తెనియేర్ అని ఒక ఫ్రెంచి భాషావేత్త ఉండేవాడు. 1954లో పోయాడు, ఆయన పెద్ద గ్రంథం ఐదేళ్ళ తరవాత 1959లో అచ్చయింది. వాక్యాన్ని కర్త అనీ, తక్కినదంతా అనీ రెండు ముక్కలు చెయ్యటం తర్కశాస్త్రం వాళ్ళ పని, వ్యాకరణం పని కాదని ఆయన పట్టు. ఆయన చూపులో వాక్యం ఒక చిన్న నాటకం. క్రియ కథ. ఆ కథకు కావలసిన పాత్రలు కొందరు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అనేవి తెరలూ దీపాలూ. కర్తకు ప్రత్యేక సింహాసనం లేదు. అతనూ ఒక పాత్రే. రసాయనశాస్త్రం విద్యార్థులకు నచ్చే మాట ఒకటి ఆయనే వాడాడు: సంయోజకత. పరమాణువుకు ఇన్ని బంధాలని ఉన్నట్టే క్రియకు ఇన్ని పాత్రలని ఉంటాయి. పడటానికి ఒకరు చాలు, కొట్టటానికి ఇద్దరు కావాలి, ఇవ్వటానికి ముగ్గురు కావాలి. వాన కురవటానికి ఎవరూ అక్కర్లేదు. అక్కడ నిలబడే డమ్మీ కర్తను పాత్రగా లెక్కవెయ్యకూడదు. సంస్కృతం సెకండ్ లాంగ్వేజి మిత్రులు నవ్వుకుంటూ ఉంటారు. క్రియను మధ్యన పెట్టి, దానితో సంబంధాన్ని బట్టి ఆరు కారకాలను పాణిని ఎన్ని శతాబ్దాల కిందటనో చెప్పి ఉన్నాడు గదా!

ఈ నాటకం చూపుతో తెలుగు 'నాకు' వాక్యాలు పట్టండి. 'నాకు ఆకలిగా ఉంది'. మన విద్యార్థి దీన్ని ముందు 'ఐ యామ్ హంగ్రీ' చేసి, తరవాత 'ఝ స్వీ ఫ్యాఁ' అని వ్రాస్తాడు. అంటే 'నేను ఆకలిని' అని. ఫ్రెంచివాడు అనేది 'ఝే ఫ్యాఁ', 'నాకు ఆకలి ఉంది'. 'కలిగి ఉండటం' అనే క్రియ మనకు లేదు. 'నాకు ఉంది' అనేదే మన దారి. ఫ్రెంచికి ఆ క్రియ ఉంది, 'ఝే' దాని ఉత్తమపురుష. అంచేత నాకు ఆకలి, 'ఝే ఫ్యాఁ'. నాకు దాహం, 'ఝే స్వాఫ్'. నాకు భయం, 'ఝే పెర్'. నాకు చలి, 'ఝే ఫ్ర్వా'. నాకు నిద్ర వస్తోంది, 'ఝే సొమేయ్'. నాకు ఇరవై ఏళ్ళు, 'ఝే వ్యాఁ తాఁ'. ఒక్కదాంట్లో కూడా ఇంగ్లీషు 'యామ్' పనికిరాదు. అన్నింట్లోనూ తెలుగు 'నాకు' పనికొస్తుంది.

ఇంకా ముందుకు పోతే 'ఈ పుస్తకం నాకు నచ్చింది' అనే పద్ధతి ఫ్రెంచిలో యథాతథంగా ఉంది: 'స లీవ్ర్ మ ప్లే'. పుస్తకం కర్త, 'మ' అంటే నాకు. అన్నింటికంటె తమాషా 'త్యు మ మాంక్'. ఇంగ్లీషువాడు 'ఐ మిస్ యూ' అని నేనును కర్త చేస్తాడు. ఫ్రెంచిలో కర్త 'నువ్వు'. నువ్వు నాకు లోటుగా ఉన్నావు అని. ఇంగ్లీషు వరసలో 'ఝ త మాంక్' అని ఉత్తరం వ్రాసినవాడు 'నేను లేక నువ్వు బెంగపెట్టుకున్నావు' అని వ్రాసినవాడవుతాడు. ఉత్తరం అందుకున్నవాళ్ళకు ఇది వినయంగా అనిపించదు.

అలాగని 'నాకు' కనిపించిన చోటల్లా 'ఝే' వేసెయ్యకండి. 'నాకు తెలుసు' అన్నది 'ఝ సే', అక్కడ నేను మామూలు కర్త. 'నాకు కోపం వచ్చింది' అన్నదానికి 'ఝ స్వీ' తోనే చెప్పాలి. ఏ క్రియ ఏ పాత్రల్ని ఏ వేషంలో పిలుస్తుందో క్రియతోపాటే నేర్చుకోవాలి. పదాల పట్టికలో 'మాంకే – మిస్' అని ఒక గీత గీసి కంఠస్థం చేసినవాడికి నాటకంలో సగం పాత్రలు దొరకవు.

చివరిగా నిషేధం. 'పియేర్ న మాంఝ్ పా', పియేర్ తినడు. క్రియకు ముందొక ముక్క, తరవాత ఇంకో ముక్క. 'తినకపోవటం' అని క్రియను ధాతురూపంలో వాడితే 'న పా మాంఝే', రెండు ముక్కలూ ముందుకొచ్చేశాయి. 'తినలేదు' అంటే 'నా పా మాంఝే', ఇక్కడ సహాయక్రియ 'ఆ' మాత్రం 'పా'కు ముందుంది, అసలు క్రియ వెనక ఉండిపోయింది. మూడు నియమాలు కంఠస్థం చెయ్యనక్కర్లేదు, ఒక్కటి చాలు: కాలాన్నీ పురుషనూ మోసే క్రియ 'పా'ను దాటి ముందుకు వెళుతుంది, మొయ్యనిది దాటదు. ఒకటిరెండు సహాయక్రియలు ధాతురూపంలో కూడా దాటగలవు గాని వాటిని ప్రస్తుతానికి మరచిపోవచ్చు.

1978లో ఎమండ్స్, 1989లో జాఁ-ఈవ్ పొలోక్ దీన్నుంచే పెద్ద సిద్ధాంతం కట్టారు. 'తరచు' అనే మాట ఇంగ్లీషులో క్రియకు ముందు, ఫ్రెంచిలో క్రియకు తరవాత వస్తుంది: 'పియేర్ మాంఝ్ సువాఁ దే పొమ్'. 'తరచు' అటూ ఇటూ తిరగటం లేదు. అది మైలురాయిలా ఉన్నచోటే ఉంది. కదిలేది క్రియ. చెట్టులో కాలానికీ పురుషకూ పైన ఒక గది ఉంటుంది. ఫ్రెంచి క్రియ మెట్లెక్కి ఆ గదికి వెళుతుంది, ఇంగ్లీషు క్రియ కిందే ఉండి 'డస్', 'డిడ్' అనే నౌకరును పైకి పంపుతుంది. అందుకే ఇంగ్లీషువాడికి 'డస్ నాట్ ఈట్', ఫ్రెంచివాడికి 'మాంఝ్ పా'. ఎక్కడో 'తరచు' స్థానానికీ, నిషేధం స్థానానికీ ఒకే కారణం దొరకటం ఈ సిద్ధాంతంలోని అందం. తెలుగు క్రియ మెట్లెక్కుతుందా లేదా? మన క్రియ ఎటూ చివరే. పై గది కూడా చివరనే అనుకుంటే, మధ్యలో దాటటానికి మాటే ఉండదు గనుక ఎక్కినా చెవికి తెలియదు. ఇటువంటి భాషల మీద ఆ వాదం ఎడతెగకుండా సాగటానికి కారణం అదే.

'పా' పుట్టుక మాత్రం మనకు బాగా తెలిసిన పద్ధతే. పూర్వం నిషేధానికి 'న' ఒక్కటే చాలేది. 'పా' అంటే అడుగు. 'అడుగు కూడా నడవను' అని నొక్కి చెప్పటానికి వచ్చింది. అలాగే 'మెతుకు తినను' అన్నట్టు 'మీ', 'చుక్క తాగను' అన్నట్టు 'గుత్' ఉండేవి. 'మీ' అంటే రొట్టె తునక, 'గుత్' అంటే చుక్క. కాలక్రమాన తక్కినవి పక్కకు పోయి అడుగు మిగిలింది, నడకతో సంబంధం లేని క్రియలకు కూడా అంటుకుంది. నొక్కటానికి వచ్చినది నిషేధమే అయి కూర్చుంది. ఎన్నో భాషల్లో జరుగుతుండే ఈ చక్రాన్ని 1917లో డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ వివరించాడు. ఫ్రెంచిలో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు మామూలు మాటల్లో అసలు నిషేధమైన 'న' జారిపోయి, అడుగు ఒక్కటే మిగులుతోంది. పరీక్షలో 'ఝ న సే పా' అని వ్రాసి మార్కులు తెచ్చుకున్న మన విద్యార్థి రేపు ప్యారిస్‌లో దిగి దారి అడిగితే, ఎదుటి మనిషి భుజాలెగరేసి 'షే పా' అంటాడు. కంగారు పడనక్కర్లేదు. 'నాకు తెలియదు' అనే అంటున్నాడు, పరీక్షలో వ్రాసిన వాక్యమే అది.